రష్యాయనకు రెస్టు

ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం తిని, ఒక కునుకు తీసి లేచాక మాథ్యూ టీ అడుగుతాడు. టీ గ్లాసు చేతికి రాగానే ముందు వాసన చూస్తాడు. పాలలో నీళ్ళు ఎక్కువయ్యాయేమోనని ఆయన అనుమానం. కోడలు జయశీల పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఇచ్చిన టీలో ఒక్కసారి కూడా తప్పు దొరకలేదు. అందుకే ఆ అనుమానం ఇంకా తీరలేదు.

టీ తాగాక బీరువా మీద నుంచి గ్రామఫోన్ రికార్డుల ఎర్ర అట్టపెట్టె దించుతాడు. దాని మూత మీద బట్టతలాయన బొమ్మ ఉంటుంది. బరువైన దవడ, వచ్చిన కోపాన్ని ఆపుకున్నట్టు ఉండే చూపు. కింద రష్యా అక్షరాలు. ఆ అక్షరాలు బిట్రగుంట రైల్వే కాలనీలో ఎవరికీ రావు. బజార్లో మిక్సీలు, రేడియోలు రిపేరు చేసే పక్కింటి సిలార్ ఒకసారి ఫోన్లో ఫొటో తీసి పేరేమిటో కనుక్కుంటానన్నాడు. "ఇంటి మనిషి పేరు ఎవురైనా ఫోన్లో వెతుకుతారా?" అని మాథ్యూ కసిరాడు. అప్పటి నుంచి ఆయన అందరికీ రష్యాయనే.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని మాథ్యూ మూత మీద వేలి కణుపుతో మూడుసార్లు కొడతాడు. పూర్వం ఇంజను డ్రైవర్లను డ్యూటీకి పిలవడానికి షెడ్డు నుంచి సైకిలు మీద మనిషి వచ్చి తలుపు ఇట్లాగే కొట్టేవాడు. కొట్టాక కాసేపు ఆగాలి. లోపలాయన లేవాలి, ముఖం కడుక్కోవాలి, కోటు తొడుక్కోవాలి. లోపల పియానో స్టూలు కిర్రుమన్నాక రికార్డు తీసి ప్లేయరు మీద పెట్టి ముల్లు దించాలి.

ఇదంతా కాలనీకి తెలిసిన పద్ధతే. ఆవిరి ఇంజన్లు తిరిగే రోజుల్లో ఒకసారి రష్యా పుస్తకాల వ్యాను రైల్వే ఇన్‌స్టిట్యూట్ క్లబ్బు మైదానంలోకి వచ్చింది. అందరూ పిల్లలకు బొమ్మల పుస్తకాలు కొన్నారు. ఎవరూ కొనని పెట్టె కాబట్టి మాథ్యూ దీన్ని కొన్నాడు. మొదటి రోజు విన్నవాళ్ళు నవ్వారు. గిన్నెల అలమర కింద పడ్డట్టుందన్నారు. కానీ వాళ్ళు రైలు మనుషులు. రెండోసారి వినేసరికి అందులో వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు, వాలులో బ్రేకు పట్టని బండి, మంచులో ఒంటరిగా వెళ్ళే ఇంజను వాళ్ళ చెవులకు దొరికాయి. ఆ పూట ఆపకుండా అన్ని రికార్డులూ పెట్టించుకున్నారు. చివరి రికార్డు మధ్యలో పియానో నెమ్మదించింది, తర్వాత ఆగిపోయింది. రష్యాయన మంచినీళ్ళు తాగడం అందరికీ వినపడింది. డ్రైవరు రంగనాయకులు లేచి, "లైను మీద నుంచి వచ్చినోడికి రెస్టు ఇవ్వకుండా మళ్ళీ బండి ఎక్కిస్తారా? రూలు తెలీదా మీకు?" అని అందర్నీ తిట్టాడు. ఆ రోజు నుంచి వారానికి ఒక్క రికార్డే. మిగతా రోజులన్నీ ఆయనకు రెస్టు.

ఆ రంగనాయకులు పోయాడు, ఆవిరి షెడ్డు పోయింది, కాలనీలో సగం క్వార్టర్లు పాడుబడ్డాయి. రష్యాయన మాత్రం ఒక్క ఆదివారం తప్పకుండా వాయిస్తూనే ఉన్నాడు. రెస్టు తీసుకున్న మనిషి కాబట్టి వేళ్ళు ఉరికేవి.

ఈ వేసవిలో మాత్రం ఏదో తేడా వచ్చింది.

మొదటి ఆదివారం ఆయన లేవడమే ఆలస్యమైంది. తర్వాతి ఆదివారం గబగబా వాయించాల్సిన చోట కాళ్ళీడ్చినట్టు వాయించాడు. ఆ పై ఆదివారం ఎడమ చేతి పని సగం వదిలేశాడు. మధ్యమధ్యలో ఆయాసం వినపడింది. మెట్ల మీద కూర్చుని వింటున్న సిలార్ తల ఊపి, "మనిషి అలిసిపోయుండాడన్నా," అన్నాడు.

మాథ్యూ రైల్వేలో చక్రాలు పరీక్షించిన మనిషి. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్లాట్‌ఫారం మీద బండి ఆగగానే పొడుగు కర్ర ఉన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టుకుంటూ పోయేవాడు. బాగున్న చక్రం గంటలా మోగుతుంది, పగిలినది దబ్బుమంటుంది. మోత సరిగా ఉంటే గార్డు వైపు చూసి "ఫిట్" అనేవాడు, బండి కదిలేది. జీవితమంతా పగులు కోసం చెవులు రిక్కించిన మనిషికి రిటైరయ్యాక చక్రాలు లేకుండా పోయాయి. మనుషులు మిగిలారు. అనుమానం పెనుభూతం అంటారు. మాథ్యూ దాన్ని భూతంగా కాక పెన్షనులా చూసుకున్నాడు.

ఎవరో వారం మధ్యలో రికార్డులు పెడుతున్నారు. తనకు తెలియకుండా ఆ మనిషి చేత పని చేయిస్తున్నారు. ఇంతకు మించి ఇంకేం కారణం ఉంటుంది?

ముందు సిలార్ మీద పడ్డాడు. ప్లేయరుకు మిక్సీ బెల్టు బిగించింది అతనే, కొత్త ముల్లు మద్రాసు నుంచి తెప్పించింది అతనే. పాత ముల్లు ఏమైంది?

"పారేసినా గదన్నా, నీ ముందరే," అన్నాడు సిలార్.

"యాడ పారేసినావు?"

"చెత్తకుండీలో."

మాథ్యూ ఆ రోజు చెత్తకుండీ దాకా వెళ్ళొచ్చాడని కాలనీలో చెప్పుకున్నారు. నిజమే, వెళ్ళాడు.

తర్వాత పెట్టె మూత మీద పౌడరు చల్లాడు. దారం కట్టి ముడి ఎట్లా వేశాడో గుర్తు పెట్టుకున్నాడు. తలలో మిగిలిన కొద్ది వెంట్రుకల్లో ఒకటి త్యాగం చేసి మూత సందులో పెట్టాడు. పౌడరు చెదరలేదు, ముడి మారలేదు, వెంట్రుక కదల్లేదు. ఆదివారం రష్యాయన మళ్ళీ అలిసిపోయే వచ్చాడు. ఏ గుర్తూ చెదరకపోవడం మాథ్యూకి మరీ అనుమానంగా తోచింది. ఇంత జాగ్రత్తగా చేసేది బయటివాళ్ళు కాదు, ఇంటి మనిషే అయ్యుండాలి.

ఇంట్లో ఉండేది ముగ్గురు. కొడుకు ఫ్రెడ్డీ గూడ్సు గార్డు, ఇంట్లో ఉంటే నిద్రపోతూ ఉంటాడు, లేకపోతే లైను మీద ఉంటాడు. ఇక మిగిలింది జయశీల.

"అమ్మాయ్, పెట్టె ముట్టినావా?"

"ముట్టలేదు మామయ్యా."

"మరి ఎవరు ముట్టినట్టు?"

"ఎవురూ ముట్టలేదు."

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండా చెప్పింది. మాథ్యూ ఆ గొంతును చక్రాన్ని విన్నట్టే విన్నాడు. ఎక్కడా పగులు లేదు. చెవి చెప్పింది ఆయన నమ్మకపోవడం అదే మొదటిసారి.

సరిగ్గా ఆ రోజుల్లోనే పాస్టరు క్రీస్తుదాసు గారు ఇంటికొచ్చారు. చర్చిలో కీబోర్డు వాయించే ఆవిడ, భర్తకు బదిలీ కావడంతో, ఒంగోలు వెళ్ళిపోయింది. ఆ చోటు తనకిమ్మని జయశీల అడిగిందట. మాథ్యూకి ఆ సంగతే తెలియదు. జయశీలది పక్కనే ఉన్న బోగోలు. చిన్నప్పుడు చర్చి హార్మోనియం చుట్టూ తిరిగితే, ఆడపిల్లకు ఎందుకని వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. పెళ్ళయ్యాక మొగుడి డ్యూటీకి క్యారేజీ, మామగారి టీ, పులుసు, గిన్నెలు. ఇన్నేళ్ళలో ఆమె నోరు తెరిచి తనకంటూ అడిగింది ఇదొక్కటే. పాస్టరు గారికి అభ్యంతరం లేదు. కానీ సంఘ పెద్దల్లో మాథ్యూ మాట పెద్దది.

"మీ ఇంటి పిల్లే గదా, మీరు సరేనంటే అయిపోతుంది," అన్నారాయన.

జయశీల మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇంట్లో ఒక పెట్టె విషయంలోనే నమ్మకం లేదు అయ్యగారూ," అన్నాడు మాథ్యూ. "దేవుడి ఎదురుగా ఉండే పెట్టె ఎట్లా అప్పజెప్పేది?"

గ్లాసు తొణకలేదు. జయశీల దాన్ని బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పాస్టరు గారు ఇబ్బందిగా కదిలి, చివరకు ఒక దారి చెప్పారు. పై ఆదివారం కాకుండా ఆ తర్వాతి ఆదివారం ఒక్క పాట వాయించనిద్దాం, విన్నాక మాథ్యూ గారే చెప్పాలి, కాదంటే కావలి నుంచి ఒకతను వస్తానంటున్నాడు.

పాస్టరు గారు గేటు దాటగానే మాథ్యూ సైకిలు గొలుసు తెచ్చి పెట్టె చుట్టూ చుట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

పరీక్షకు ముందు ఆదివారం తాళం తీసి మూత కొట్టాడో లేదో స్టూలు కిర్రుమంది. రష్యాయన వాయించాడు చూడండి, కిటికీ అద్దాలు అదిరాయి. కుడిచెయ్యి పైన ఉరుకుతుంటే ఎడమచెయ్యి కింద సమ్మెట దెబ్బలు వేసింది. వారమంతా పడుకున్న బలమంతా అందులో ఉంది. బలంతో పాటు కోపం కూడా ఉందని సిలార్‌కి అనిపించింది.

"చూసినావా?" అన్నాడు మాథ్యూ. "తాళం పడినాక మనిషి కుదుటపడినాడు. అంటే దొంగ ఇంట్లోనే ఉండాది."

లైను దిగి వచ్చిన ఫ్రెడ్డీకి కూడా అదే చెప్పాడు. అతను చొక్కా విప్పుతూనే మంచం మీద వాలి, "ఆయన రెస్టు సంగతి తర్వాత డాడీ, ముందు నన్ను పండుకోనియ్యి," అన్నాడు.

జయశీల ఎవరితోనూ వాదించలేదు. రోజూలాగే వంట చేసింది, రోజూలాగే మధ్యాహ్నం ఇన్‌స్టిట్యూట్‌కి జాకెట్లు కుట్టడానికి వెళ్ళింది. కాకపోతే ఇంతకుముందు తిరిగొచ్చేటప్పుడు ఆమె వేళ్ళు చీర కుచ్చిళ్ళ మీద ఏదో వాయిస్తున్నట్టు కదిలేవి. ఇప్పుడు కదలడం లేదు. ఆ సంగతి మాథ్యూ కనిపెట్టాడు. అనుమానం ఉన్నవాడికి కనపడనిది ఉండదు. కనపడినదానికి అర్థం మాత్రం తెలియదు.

ఆమె గొంతు ఆయన్ను వదల్లేదు. "ముట్టలేదు మామయ్యా." మళ్ళీ మళ్ళీ గుర్తు తెచ్చుకుని విన్నాడు. ఎన్నిసార్లు విన్నా అది గంటలాగే మోగుతోంది. చెవి తప్పయినా అయ్యుండాలి, తాళం చెప్పింది తప్పయినా అయ్యుండాలి. పరీక్ష ఆదివారం దగ్గర పడుతుండగా ఆయనొక ఉపాయం పన్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక గొలుసు విప్పి పక్కన పెట్టి, తాళంచెవి కనపడేటట్టు బల్ల మీద వదిలి, మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. నమ్మకం కలగడానికి గురక కూడా పెట్టాడు.

జయశీల వంటిల్లు సర్ది, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. పెట్టె వైపు చూడనైనా లేదు.

మాథ్యూ గురక ఆపుదామా వద్దా అని ఆలోచిస్తుండగా పెట్టెలో స్టూలు కిర్రుమంది. ఎవరూ మూత కొట్టలేదు. లోపల ఒక దగ్గు, కోటు దులిపిన చప్పుడు. తర్వాత బరువైన బూట్లు మంచం పక్కగా నడిచాయి. రోహిణి కార్తె ఎండలో చలికోటు వాసన, కలరా ఉండల వాసన గుప్పుమన్నాయి. గుమ్మం దగ్గర కర్టెన్ పక్కకు జరిగి, మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. పెట్టె మూత మీద దుమ్ము కూడా చెదరలేదు.

మాథ్యూ లేచి వెంటపడ్డాడు. నిద్రగన్నేరు చెట్ల నీడల్లో బూట్ల చప్పుడు ముందు, హవాయి చెప్పుల చప్పుడు వెనక. చప్పుడు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కింది.

తెల్లవాళ్ళు డ్యాన్సులాడిన హాల్లో ఇప్పుడు ఆడవాళ్ళ సంఘం కుట్టుమిషన్లున్నాయి. మూలన తెల్లవాళ్ళొదిలేసిన పియానో. ఉప్పు గాలికి దాని మెట్లు సగం నొక్కినా పలకవు. దాని మీద ఎప్పుడూ జాకెట్ గుడ్డల మూటలుంటాయి. ఆ పూట మూటలు నేల మీద ఉన్నాయి. పియానో ముందు జయశీల కూర్చుని ఉంది, పక్కన ఒక ఖాళీ కుర్చీ. సిలార్ భార్య షాజాదీ బేగం మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపింది. లేచి, టేబుల్ ఫ్యాను ఆ ఖాళీ కుర్చీ వైపు తిప్పి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"పాపం, ఆ కోటు విప్పడు," అంది. గుమ్మంలో నీడ చూసి, "వచ్చినావా అన్నా? చెప్పులు బయట వదలబాకు, కుక్క ఎత్తకపోద్ది," అంది.

మాథ్యూ చెప్పులు చేత్తో పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. పియానో ఎడమ వైపు మెట్లు వాటంతట అవే కిందికి దిగాయి. ఆ ఎడమచేతిని ఆయన ఎక్కడైనా గుర్తుపడతాడు. దాని మీద జయశీల కుడిచేతితో చర్చి పాట వాయిస్తోంది. ఒక చోట వేలు తడబడింది. ఎడమచెయ్యి ఆగి, వెనక్కి వెళ్ళి, మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్ళీ తడబడింది. మళ్ళీ వెనక్కి. రష్యాయన ఆయాసపడుతున్నాడు, అయినా విసుగు లేదు. చివరికి ఆ చోటు దాటాక ఆయన చెయ్యి మెల్లగా తప్పుకుంది. జయశీల తన ఎడమచేతిని ఆ ఖాళీలో పెట్టి రెండు చేతులతో ముందుకు పోయింది.

"నీకు తెలుసా ఇది?" మాథ్యూ గొంతు తగ్గించి అడిగాడు.

"అందరికీ తెలుసు."

"మరి నేను వచ్చి అడిగితే ఒక్కరు చెప్పలేదే?"

"పెట్టె ఎవురు ముట్టినారని అడిగినావు నువ్వు. ఎవురు ముట్టినారు? ఆయన కాళ్ళతో ఆయన వస్తుండాడు." షాజాదీ బేగం దారం కొరికింది. "చెప్తే తాళం వేస్తావని ఆ పిల్ల చెప్పనీలేదు. చెప్పకపోయినా వేసినావు. తాళం ఉన్నన్ని రోజులూ ఆ పియానో ముందు కూర్చుని ఊరకే చూసేదన్నా. మాకు మిషను తొక్కబుద్ధి కాలేదు."

మాథ్యూకి ముందు వచ్చింది సిగ్గు కాదు, కడుపుమంట. ఇన్నేళ్ళుగా దుమ్ము తుడిచాడు, పిలిచి లేపాడు, రెస్టు ఇచ్చాడు. తన కోసం ఆయన ఒక్కసారైనా ఒక్క ముక్క రెండోసారి వాయించలేదు. ఈ పిల్ల కోసం వెనక్కి వెళ్ళి వెళ్ళి వాయిస్తున్నాడు. అది కూడా ఆయన రెస్టు టైములో. ఆ మాట దగ్గర మాథ్యూ ఆగిపోయాడు. రెస్టులో ఉన్న రైలు మనిషి ఎవరి కోసం లేస్తాడు? సొంత బిడ్డ కోసం తప్ప లేవడు. సిగ్గు అప్పుడు వచ్చింది. వచ్చి మనిషిని నిలువునా తడిపింది.

వాళ్ళు పాట ముగించకముందే ఇంటికొచ్చేశాడు. బల్ల మీద గొలుసు, తాళం, చెవి అట్లాగే ఉన్నాయి. తాళం వేస్తే ఆదివారాలు తనవి. వెయ్యకపోతే రష్యాయన అలసట ఎక్కడిదాకా పోతుందో ఆయనకు తెలుసు. పగులు ముందే పసిగట్టడం ఆయన పని కదా. చాలాసేపు గొలుసు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తీసుకెళ్ళి సైకిలుకే వేశాడు.

సాయంత్రం జయశీల టీ ఇచ్చింది. ఆయన వాసన చూడకుండా తాగాడు. ఆమె ఆగి చూసి, సైకిలు వైపు చూసి, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళింది.

ఆదివారం చర్చి నిండింది. కావలి అతను కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. జయశీల కీబోర్డు ముందు కూర్చుని, దాని చెక్క మీద వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి ఆగింది. గుమ్మం దగ్గర బూట్లు చప్పుడయ్యాయి. దారి పక్కన కూర్చున్నవాళ్ళు కాళ్ళు లోపలికి ముడుచుకున్నారు. బూట్లు ముందుదాకా నడిచి ఆగిపోయాయి.

పాట అందరికీ తెలిసిందే. కానీ కింద ఎడమచెయ్యి నడిచిన నడక ఆ చర్చిలో అంతకు ముందు ఎవరూ వినలేదు. సరుకు బండి వంతెన దాటుతున్నంత నిబ్బరంగా నడిచింది. ఆ రెండు చేతులూ జయశీలవే. మాథ్యూ కళ్ళు మూసుకుని ఒక్కో అడుగూ విన్నాడు. తడబడిన చోటు వచ్చింది. దాటింది. ఎంత వెతికినా పగులు లేదు.

పాట అయ్యాక పాస్టరు గారు ఆయన వైపు చూశారు. సంఘమంతా చూసింది. జయశీల మాత్రం తన చేతుల్నే చూసుకుంటోంది.

మాథ్యూ లేచి నిలబడ్డాడు. "నేనన్న మాట తప్పు అయ్యగారూ. ఆ పిల్ల నా పెట్టె ముట్టలేదు," అన్నాడు. తర్వాత గార్డుకు చెప్పినట్టు గట్టిగా చెప్పాడు: "ఫిట్."

ఆ సాయంత్రం పెట్టె దించి మూత మీద మూడుసార్లు కొట్టాడు. లోపల ఏమీ కదల్లేదు. రికార్డు బయటికి తీశాడు. ముల్లు నడిచే గీతలు లేవు. కడిగి బోర్లించిన పెనంలా నున్నగా ఉంది. మిగతావి కూడా ఒక్కొక్కటే తీసి చూశాడు. అన్నీ అంతే. మెట్ల మీద సిలార్ కాసేపు ఎదురుచూసి, "ట్రాన్స్‌ఫర్ అయినట్టుండాదన్నా," అన్నాడు.

"అయింది," అన్నాడు మాథ్యూ. ఏడుపు వచ్చింది, రానిచ్చాడు. సిలార్ అటు తిరిగి కూర్చున్నాడు.

వంటింట్లో పులుసు దాక తోముతున్న చప్పుడు. మాథ్యూ కళ్ళు తుడుచుకుని లేచి అక్కడికి వెళ్ళాడు.

"లెయ్యమ్మా."

"ఎందుకు మామయ్యా?"

"పొద్దున డ్యూటీ చేసినావా లేదా?"

"చేసినా."

"చేసినోళ్ళకు రెస్టు ఉండాల. రూలు అందరికీ ఒకటే. పో, పోయి పండుకో."

పీచు ఆమె చేతిలో నుంచి తీసుకుని పంపు దగ్గర గొంతుకూర్చున్నాడు. దాక తోమాక కణుపుతో ఒక దెబ్బ వేసి మోత విన్నాడు. సరిగ్గానే మోగింది. అయినా ఎందుకైనా మంచిదని ఇంకోసారి తోమాడు.

మర్నాడు మధ్యాహ్నం మాథ్యూ పడుకోలేదు. ఎండ కాస్త వాలాక కోడలి గది ముందుకు వెళ్ళి, తలుపు మీద కణుపుతో మూడుసార్లు కొట్టి, పక్కకు జరిగి నిలబడ్డాడు.

"అమ్మా జయా, పియానోకి టైమయింది."

లోపల ముందు రష్యాయన దగ్గు వినపడింది. తర్వాత జయశీల గొంతు: "వస్తుండా మామయ్యా."